తిరుపతిలో ఆర్ట్ హిస్టరీ ఎంఏ చదివినా, కోర్సు మీద నా రివ్యూ

5కి 4 స్టార్లు. ఒక స్టార్ ఎందుకు తగ్గించినానో కింద వస్తుంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

కాలేజీ పేరు రాయను. తిరుపతిలో బీఏ అయిపోయినాక హిస్టరీ ఎంఏ చేద్దామని పోయి, కళలు, శిల్పం, గుడుల నిర్మాణం, మ్యూజియాల మీద ఎక్కువ పేపర్లు ఉండే కోర్సులో చేరినా. మా నాయనకి పుత్తూరులో టైలర్ షాపు ఉంది. సీటొచ్చిందని చెప్తే మిషన్ ఆపకుండానే "పాపా, బొమ్మలు చూసేదానికి కూడా డిగ్రీ ఇస్తారా, ఇది చదివితే ఉద్యోగం వస్తాదా?" అనినాడు. తిట్టలేదు, నిజంగానే అడిగినాడు. ఆరోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు చదువు అయిపోయి, ఉద్యోగం చేస్తా ఉన్నా కాబట్టి, చేరాలా వద్దా అని ఆలోచించే వాళ్ళకి, వాళ్ళ అమ్మానాయనలకి పనికొస్తుందని ఇది రాస్తా ఉన్నా.

మొదటి సెమిస్టర్ అంతా నాకు నచ్చలేదు, ఉన్నదున్నట్టు చెప్తా. రాజుల పేర్లు, వంశాలు, ఏ గుడి ఎవరు కట్టించినారు, ఏ శతాబ్దం, అన్నీ నోట్సు డిక్టేట్ చేస్తే రాసుకోని బట్టీ కొట్టడమే. ప్రొజెక్టర్ ఉంది కానీ బల్బు పోయి ఎన్నాళ్ళయిందో, మేం ఉన్న రెండేళ్ళలో మార్చలేదు. ఇటలీలో పడువా ఊర్లో జొత్తో అనే చిత్రకారుడు బొమ్మలు వేసిన ప్రార్థనా మందిరం గురించి పాఠం, 1305 ప్రాంతంలో పూర్తయింది, దాని కప్పంతా నీలం, రాత్రి ఆకాశం మాదిరి నీలం మీద బంగారు నక్షత్రాలు, పాఠం మొత్తం ఆ నీలం గురించే, మా చేతిలో ఉండేది మాత్రం జెరాక్స్ కాపీకి జెరాక్స్, దాంట్లో ఆకాశం బూడిద రంగులో ఉంది, నక్షత్రాలు మచ్చల మాదిరి ఉన్నాయి. రంగుల మీద ఎస్సే రాయమంటే ఎట్లా రాస్తాం? సాయంత్రం హాస్టల్‌లో ఫోన్లో తీసి చూసినాక గానీ తెలియలేదు మేం ఏం పోగొట్టుకున్నామో. ఆ తగ్గించిన స్టార్‌లో సగం దీనికే.

రెండో సెమిస్టర్‌లో ఇంకో మేడం వచ్చినారు. ఆమె మమ్మల్ని మొదటి వారమే గుడిమల్లం తీసకపోయినారు. బస్సు ఛార్జీలు మావే, ఫీల్డ్ ట్రిప్‌కి కాలేజీ నుంచి రూపాయి రాలేదు (మిగతా సగం స్టార్ దీనికి). పాపానాయుడుపేట మీదుగా పోవాలి, తిరుపతికి అంత దగ్గర్లో పుట్టి పెరిగి కూడా మా క్లాసులో సగం మంది అదే మొదటిసారి పోవడం. పరశురామేశ్వరుడి గుడి. గర్భగుడి బయటికంటే పల్లంలో ఉంటుంది, వెనకవైపు గుండ్రంగా ఏనుగు వీపు మాదిరి వస్తుంది, గజపృష్ఠం అంటారు. లోపల దాదాపు 5 అడుగుల లింగం, ముదురు గోధుమరంగు రాయి, లింగానికి ముందువైపు నిలబడిన మనిషి రూపం.

మేడం అందరికీ తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, 40 నిమిషాలు ఎవరూ మాట్లాడకండి, కనిపించేది రాయండి, అంతే అనినారు. నేను మొదటి లైనులోనే "ఇది శివుడి విగ్రహం" అని రాసేసి పది నిమిషాల్లో ముగించి కూర్చున్నా. ఆమె వచ్చి చూసి ఆ లైను కొట్టేసినారు.

"శివుడని నీకెవరు చెప్పినారమ్మా?"

"అందరికీ తెలుసు కదా మేడం."

"అందరికీ తెలిసింది వద్దు. నీ కంటికి ఏం కనిపిస్తే శివుడనినావో అది రాయి."

మళ్ళీ పోయి నిలబడినా. పూజారి గారు మా కోసం దీపం కొంచెం దగ్గరికి జరిపినారు. అప్పుడు ఒక్కొక్కటే కనిపించడం మొదలైంది. చేతులు నాలుగు కాదు, రెండే. కుడిచేతిలో పొట్టేలు, వెనక కాళ్ళు పట్టుకుంటే తలకిందులుగా వేలాడతా ఉంది. ఎడమచేతిలో చిన్న నీళ్ళపాత్ర, అదే భుజం మీద గొడ్డలి. జంధ్యం లేదు. నడుముకి కట్టిన గుడ్డ ఎంత పలచనంటే ఒళ్ళు కనిపిస్తా ఉంది. కాళ్ళు నేలమీద లేవు, కింద గొంతుక్కూర్చున్న పొట్టిమనిషి భుజాల మీద ఉన్నాయి, ఆ పొట్టిమనిషి పళ్ళు కనిపించేట్టు నవ్వతా ఉన్నాడు. 40 నిమిషాలు అయిపోయినా ఇంకా రాస్తానే ఉన్నా. మా ఇంట్లో పటంలో ఉండే శివుడికీ ఈయనకీ గొడ్డలి తప్ప కలిసేవి దాదాపు లేవని, అయినా రెండు వేల ఏండ్లకు పైగా జనం ఈయన్ని శివుడనే మొక్కుతా ఉన్నారని అప్పుడు తెలిసింది. మొక్కే మనసు మారలేదు, రూపం మారింది. ఆ మార్పు యాడ, ఎప్పుడు, ఎట్లా వచ్చిందో వెతకడమే ఈ సబ్జెక్టు.

తర్వాత క్లాసులో ఆ కాగితాలు పెట్టుకోని డేటింగ్ గురించి, అంటే ఒక శిల్పం ఏ కాలందో తేల్చడం గురించి చెప్పినారు. ఈ లింగం క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం అని కొందరు, 1వ శతాబ్దం అని కొందరు, ఇంకా వెనక్కి జరిపేవాళ్ళూ ఉన్నారు. 20వ శతాబ్దం మొదట్లోనే టి.ఏ. గోపీనాథరావు గారు దీన్ని పండితుల దృష్టికి తెచ్చినారు. రాయి మీద తేదీ లేనప్పుడు ఎట్లా చెప్తారంటే పోల్చి. మధ్యప్రదేశ్ భర్హుత్ స్తూపం మీద ఉండే యక్షుల బొమ్మలు పక్కన పెట్టి, నిలబడే తీరు, గుడ్డ మడతలు, చెవులకి ఉండే బరువైన నగలు, ఒక్కొక్కటీ చూస్తా పోతే చుట్టరికం బయటపడుతుంది. ఇట్లా రెండు స్లైడ్లు పక్కపక్కన వేసి పాఠం చెప్పే పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చింది హైన్రిష్ వోల్ఫ్లిన్ అనే స్విట్జర్లాండ్ పండితుడు. మా ప్రొజెక్టర్ పనిచేయదు కాబట్టి మేడం రెండు ఫోటోలు ప్రింటు తీపించి బోర్డుకి టేపుతో అంటించేవాళ్ళు. మా వోల్ఫ్లిన్ క్లాసు అదే. చాలా బాగా జరిగేది.

ఇంకొకాయన ఎర్విన్ పనోఫ్‌స్కీ, ఆయన చెప్పిన మూడు మెట్లు నాకు ఈరోజుకీ ఉద్యోగంలో పనికొస్తా ఉన్నాయి. మొదట కంటికి ఏం కనిపిస్తా ఉందో చెప్పు. రెండోది ఆ కాలం వాళ్ళకి దాని అర్థం ఏందో, ఏ కథో, ఏ ఆచారమో చెప్పు. మూడోది ఆ బొమ్మ వెనక ఆ కాలం ఆలోచన ఎట్లాంటిదో అడుగు. మనం మామూలుగా మూడో మెట్టు మీదికి ఎగిరి కూర్చుంటాం. మొదటి మెట్టు మీద నిలబడటం నేర్పించినందుకే ఈ కోర్సుకి ఫీజు కట్టొచ్చు అంటా నేను.

గుడిని చూసే పద్ధతి కూడా మారిపోయింది. అధిష్ఠానం (పీఠం), పాదం (గోడలు, స్తంభాలు), ప్రస్తరం (చూరు భాగం), గ్రీవం (మెడ), శిఖరం, స్తూపి (పైన కలశం) అని కిందనుంచి పైకి ఆరు భాగాలు, ఒకసారి వరస పట్టుబడితే ఏ గుడికి పోయినా కళ్ళు వాటంతట అవే కిందనుంచి మొదలుపెడతాయి. స్తంభం పైన దూలాన్ని మోసే బోదిక ఉంటుంది చూడండి, చోళుల కాలంలో అది సాదాగా కోణంగా చెక్కి ఉంటుంది, విజయనగరం నాటికి దాని కొస నుంచి పువ్వు మొగ్గ కిందికి వేలాడతా ఉంటుంది, పుష్పబోదిక అంటారు. ఇది తెలిసినాక మండపంలోకి పోతే ముందు తలెత్తి అదే చూస్తా. తిరుమలలో మహాద్వారం దాటగానే కుడిచేతి పక్క కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడిన రాగి విగ్రహాలు ఉంటాయి. రాయలు 1513లో మొదటిసారి కొండకి వచ్చి మొత్తం 7 సార్లు దర్శనం చేసుకున్నాడు. క్యూలో తోస్తా ఉంటారు, మూడు సెకండ్లు కూడా దొరకవు, అయినా ఆ మూడు సెకండ్లలో నేను చూసేది ఆయన తలమీది పొడవాటి టోపీ. దాన్ని కుళ్ళాయి అంటారు. అప్పట్లో పర్షియా, దక్కన్ సుల్తానుల వైపు నుంచి వచ్చిన దర్బారు ఫ్యాషన్ అది, స్వామి ముందు మొక్కతా నిలబడిన రాజు తలమీద ఉంది. ఇట్లాంటివి చదివినాక, మనది, పరాయిది అని తెగ్గొట్టి మాట్లాడేవాళ్ళ మాట నేను అంత సులువుగా నమ్మలేకపోతా ఉన్నా.

శ్రీకాళహస్తికి రెండుసార్లు పోయినాం, గుడికి ఒకసారి, కలంకారీకి ఒకసారి. కలంకారీ వర్క్‌షాపులోకి అడుగుపెట్టగానే వాసన. కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపి నానబెట్టిన గుడ్డ వాసన. పాలలో ఉండే కొవ్వు వల్ల రంగు పాకకుండా ఉంటుందని, కరక్కాయ వల్ల రంగు పట్టుకుంటుందని అక్కడ పనిచేసే అన్న చెప్పినాడు. నల్లరంగుకి తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి పులియబెడతారు, దాన్ని కసిమి అంటారు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో ముందు స్కెచ్ వేస్తారు, తర్వాత వెదురు కలానికి ఉన్నిగుడ్డ చుట్టి, దాన్ని కసిమిలో ముంచి, వేళ్ళతో నొక్కతా గీత గీస్తారు. ఎర్రరంగు రావాల్సిన చోట ముందు పటిక నీళ్ళు పూస్తారు, రంగులో ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు నిలబడుతుంది. నేను ఆ గీత వేసే చేతినే చూస్తా కూర్చున్నా. గీత మొదట్లో లావుగా మొదలై, కసిమి అయిపోయే కొద్దీ సన్నబడి, మళ్ళీ ముంచినచోట ఒక చిన్న బొట్టు మాదిరి లావవుతుంది. ఏ రెండు గీతలూ ఒకటిగా లేవు.

ఆ బొట్టే నాకు ఉద్యోగంలో పనికొచ్చింది. ఇప్పుడు నేను ఆన్‌లైన్లో చీరలు అమ్మే ఒక షాపులో కేటలాగ్ పని చేస్తా. ఒక్కో చీరకి ఫోటో చూసి, చీర పట్టుకోని, వివరం రాయాలి. ఒకసారి హ్యాండ్ పెన్ కలంకారీ అని లేబుల్‌తో ఒక లాట్ వచ్చింది, రేటు కూడా అట్లాగే ఉంది. నెమలి బొమ్మ, చూడ్డానికి బాగుంది. పల్లూ టేబుల్ మీద పరిచి చూస్తే మొదటి నెమలి ముక్కు దగ్గర గీత తెగి ఉంది. రెండో నెమలికీ అక్కడే తెగి ఉంది. మూడోదానికీ అంతే. చేతితో గీసేవాళ్ళు అదే తప్పు అదే చోట మూడుసార్లు చేయరు. తిరగేస్తే వెనకవైపు రంగు దిగనే లేదు. స్క్రీన్ ప్రింట్ అది. ఓనర్ గారికి చూపిస్తే ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత లేబుల్ తీపించి ప్రింట్ అని రాపించి రేటు తగ్గించినారు. ప్రింట్ చీర తక్కువని నేను అనను, మచిలీపట్నం వాళ్ళు చెక్క అచ్చులతో వేసేది కూడా గొప్ప పనే, కానీ దేని పేరు దానికి ఉండాలి, గీసినవాళ్ళ కూలి గీసినవాళ్ళకి పోవాలి. ఆ రోజు ఇంటికి పోయి నాయనకి ఈ సంగతి చెప్పినా. ఉద్యోగం గురించి మళ్ళీ అడగలేదు.

కోర్సులో నాకు బాగా పేరు తెచ్చింది ప్రాజెక్టు. మా పాత చిత్తూరు జిల్లాలో వీరగల్లులు చాలా ఉన్నాయి, ముఖ్యంగా పలమనేరు, పుంగనూరు వైపు. ఆవుల మందలు దోచుకోనొచ్చే వాళ్ళతో కొట్లాడి చచ్చిపోయిన మనుషులకి ఊరోళ్ళు నిలబెట్టిన రాళ్ళు. మామూలుగా కింద కొట్లాట, మధ్యలో అప్సరసలు వీరుణ్ణి పైకి తీసకపోవడం, పైన స్వర్గంలో కూర్చోవడం, ఇట్లా అంతస్తులుగా చెక్కి ఉంటాయి. మా అవ్వ వాళ్ళ ఊర్లో చేను గట్టుమీద ఒకటి ఉంది, చిన్నప్పటినుంచీ చూస్తానే ఉన్నా, అవ్వ పసుపు కుంకుమ పెడతా ఉంటే పక్కన నిలబడి కొబ్బరి ముక్క కోసం చూసేదాన్ని. ప్రాజెక్టుకి పోయి మధ్యాహ్నం చూస్తే ఏమీ తెలియలేదు, నూనె, పసుపు, ఎండ, అంతా చదునుగా ఉంది. మేడంకి ఫోన్ చేస్తే, రాత్రి పోయి టార్చి లైటు రాయికి ఎదురుగా కాదు, పక్కనుంచి దాదాపు రాయికి ఆనించి వెయ్యమనినారు. వేసినాం. గుంటల్లో నీడ పడింది. ఒక్కసారిగా కత్తి కనిపించింది, కత్తి పట్టుకున్న చెయ్యి కనిపించింది, కాళ్ళ పక్కన మూడు ఆవులు కనిపించినాయి, ఒకటి తల తిప్పి ఆయన్నే చూస్తా ఉంది. అవ్వ నా పక్కనే ఉంది. "ఇన్నేండ్లు నీళ్ళు పోసినా, ఆవులున్నాయని తెలీలేదే నాకు" అనింది. మరుసటి రోజునుంచి ఆవుల వైపు కూడా బొట్టు పెట్టడం మొదలుపెట్టింది.

ఫోటోలు, కొలతలు, ఉన్న చోటు, అన్నీ ఒక షీటులో ఎక్కించినాం. దేనికి ఇదంతా అని మొదట్లో అనిపించింది. తమిళనాడులో శ్రీపురందాన్ గుడి నటరాజు కథ క్లాసులో విన్నాక అనిపించలేదు. దొంగలు ఎత్తుకుపోతే అది చేతులు మారి, 2008లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 50 లక్షల డాలర్లకి కొనింది, 2014లో తిరిగి మన దేశానికి వచ్చింది. అది ఆ గుడిదేనని నిరూపించేదానికి పనికొచ్చింది పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు గుడిలో ఉండంగా తీసి పెట్టిన పాత ఫోటో. ఫోటో లేకపోయుంటే? మన చేను గట్టుమీది రాయికి ఫోటో లేకపోతే, రేపు జేసీబీ వచ్చి ఎత్తుకుపోతే, అది ఉండేదని ఎవరికి చూపిస్తాం?

మా పిన్ని కూతురు నర్సింగ్ చదువుతా ఉంది, దానికి కూడా ఈ సబ్జెక్టు గురించి చెప్తా ఉంటా. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో మెడికల్ స్టూడెంట్లని మ్యూజియంకి తీసకపోయి పెయింటింగుల ముందు నిలబెట్టి, కనిపించేది మాత్రమే చెప్పమని నేర్పిస్తే, వాళ్ళు పేషెంటు ఒంటిమీది గుర్తులు గమనించడంలో మెరుగైనారని 2001లో ఒక పెద్ద మెడికల్ జర్నల్లో వచ్చింది. దానికి ఇది చెప్తే "అక్కా, మాకూ చార్టులో నొప్పిగా ఉన్నట్టుంది అని రాస్తే ఊరుకోరు, ఏం చూసినావో రాయమంటారు" అనింది. మా మేడం మాటే.

ఇప్పుడు చేరేవాళ్ళకి. డైరెక్టుగా జీతం కావాలి, రెండేళ్ళలో ఇంటికి డబ్బులు పంపాలి అనే అవసరం ఉంటే, దయచేసి ఒక్కసారి ఆలోచించుకోండి, పురావస్తు శాఖల్లో, మ్యూజియాల్లో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో తెలీదు. మా బ్యాచ్‌లో ఇద్దరు లెక్చరర్ అర్హతకి నెట్ పరీక్ష రాస్తా ఉన్నారు, ఒకడు గ్రూప్స్ కోచింగ్‌లో ఉన్నాడు, ఆర్ట్ అండ్ కల్చర్ భాగం వాడికి కొత్తగా చదివే పని లేదు, ఒకమ్మాయి పెళ్ళయి బెంగుళూరు పోయి యాప్ డిజైన్ చేసే కంపెనీలో చేరింది, స్క్రీన్ మీద కన్ను ముందు ఎక్కడికి పోతుందో చెప్పడం ఆమెకి బోదికలు చూసిన అలవాటు వల్లే వచ్చిందంటుంది. చెయ్యితో చెక్కడం, గీయడం నేర్చుకోవాలంటే ఈ కోర్సు కాదు, టీటీడీ వాళ్ళ శిల్ప కళాశాల ఉంది తిరుపతిలోనే, అక్కడ కనుక్కోండి. చూసి, పోల్చి, ఆధారంతో రాయడం నేర్చుకోవాలంటే మాత్రం ఇదే. ఇంకోటి, రాయడం అంటే భయం ఉన్నా పర్లేదు. నేను తెలుగు మీడియం. మొదటి ఏడాది ఇంగ్లీషు పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకోని చదివినా. శిల్పం ముందు నిలబడినప్పుడు మీడియం అడ్డం రాదు, కనిపించేది కనిపిస్తుంది, దాన్ని తెలుగులో రాసుకోని తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకునేదాన్ని, మార్కులు బాగానే వచ్చినాయి.

కాలేజీల వాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ప్రొజెక్టర్ బల్బు మార్చండి, ఏడాదికి నాలుగు ట్రిప్పులకి బస్సు ఇవ్వండి. అంతకుమించి ఏం అక్కర్లేదు. పరీక్షలో కూడా ఒక బొమ్మ ఇచ్చి, పేరు చెప్పకుండా, చూసింది రాయమని ఒక్క ప్రశ్న పెట్టండి. మా మేడం చివరి సెమిస్టర్‌లో ఇంటర్నల్స్‌కి అట్లా పెట్టినారు, జీవితంలో ఇష్టంగా రాసిన పరీక్ష అదొక్కటే.

లేపాక్షి ట్రిప్ ఫోటోలు ఒకసారి నాయనకి ఫోన్లో చూపించినా. వీరభద్రుడి గుడి కప్పు మీద 16వ శతాబ్దం నాటి రంగు బొమ్మలు, ఆడవాళ్ళ చీరలు, మగవాళ్ళ పొడవాటి టోపీలు, చొక్కాలు. కళ్ళద్దాలు పెట్టుకోని, వేళ్ళతో ఫోటో పెద్దది చేసి, చాలాసేపు చూసినాడు. "ఈ పంచె కట్టింది, ఈ చొక్కా కుట్టింది. చూడు, చంక దగ్గర మడత పడింది, కత్తిరించి అతికితేనే అట్లా వస్తాది" అనినాడు. నేను ఆ ఫోటో నూరుసార్లు చూసుంటా, చంక దగ్గర మడత చూడలేదు. నోట్‌బుక్‌లో రాసుకున్నా. వచ్చే ఆదివారం షాపు మూసి ఇద్దరం సోమపాళెం పోతా ఉన్నాం, చెన్నకేశవుడి గుడి కప్పు మీద కూడా విజయనగర కాలం బొమ్మలున్నాయి, టేపు కూడా తెచ్చుకుంటానంటా ఉన్నాడు.